పెళ్లి బడ్జెట్: హాల్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు.. ఇద్దరూ కూర్చుని వేసుకోవాల్సిన లెక్క ఇదే!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. ఇల్లు కడితే కనీసం ఇల్లు మిగులుతుంది. పెళ్లికి లెక్క తప్పితే మిగిలేది అప్పే. ఆ అప్పు తీర్చేది దావత్‌కు వచ్చిన చుట్టాలు కాదు, కొత్తగా కాపురం పెట్టిన ఆ ఇద్దరే. అందుకే పెళ్లి ఖర్చు లెక్క పెద్దల చేతిలోనే వదిలేయకుండా, పెళ్లి చేసుకోబోయే ఇద్దరూ ముందే కూర్చుని మాట్లాడుకోవడం అవసరం. పాతబస్తీలోని బహదూర్‌పురా చుట్టుపక్కల మధ్యతరగతి ఇళ్లలో పెళ్లి ఖర్చు ఎక్కడ పెరుగుతుంది? ఎక్కడ తగ్గించొచ్చు? సర్కారు సాయం ఎంత? చట్టం ఏం చెబుతోంది? పూర్తి వివరాలు ఇవీ..

ఒక్క పెళ్లి.. ఎన్ని దావత్‌లు?

జూపార్క్, మీర్ ఆలం చెరువు, కిషన్‌బాగ్, తాడ్‌బన్, కాలాపత్తర్.. బహదూర్‌పురా చుట్టూ ఏ గల్లీలోకి వెళ్లినా పెళ్లిళ్ల సీజన్‌లో సందడే సందడి. లైట్లు వెలిగే ఫంక్షన్ హాళ్లు, మర్ఫా దరువులు, బిర్యానీ దేగ్‌ల ఘుమఘుమలు. బయటి నుంచి చూస్తే అది ఒక్క రాత్రి పండుగ. లోపల లెక్క చూస్తే మాత్రం వారం, పది రోజుల ఖర్చు.

హైదరాబాదీ ముస్లిం పెళ్లి అంటే నికాహ్ ఒక్కటే కాదు. ముందు పసుపు రాసే మంజే, తర్వాత సాంచక్, మెహందీ, ఆపై నికాహ్, అబ్బాయి తరఫు విందు వలీమా.. అక్కడితో అయిపోదు. పెళ్లయ్యాక శుక్రవారాల్లో కొత్త జంటను పిలిచి పెట్టే జుమాగీ దావత్‌లు కూడా ఉంటాయి. పక్కనే ఉన్న లాల్‌దర్వాజా, గౌలిపురా వైపు తెలుగు ఇళ్లలోనూ ఇదే కథ. నిశ్చితార్థం, పసుపు దంచడం, ఎదుర్కోళ్లు, పెళ్లి, బరాత్, ఒడిబియ్యం, పదహారు రోజుల పండుగ. పేర్లు వేరు, ఖర్చు తీరు ఒక్కటే. ప్రతి తంతుకూ ఒక భోజనం, ఒక జత బట్టలు, ఒక ఫొటోగ్రాఫర్, ఒక బండి.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. సంబంధం ఖాయం కాగానే ముందు హాల్ చూస్తారు. తేదీ దొరకదేమోనన్న భయంతో అడ్వాన్స్ కట్టేస్తారు. హాల్ పెద్దది కాబట్టి పిలుపులు పెరుగుతాయి. పిలుపులు పెరిగాయి కాబట్టి వంట పెరుగుతుంది. వంట పెరిగింది కాబట్టి మెనూ కూడా 'కాస్త మంచిగా' ఉండాలంటారు. చివరికి ఎంత ఖర్చవుతుందో తేలాక, ఆ డబ్బు కోసం వెతుకులాట మొదలవుతుంది. అంటే లెక్క తలకిందులుగా నడిచిందన్నమాట.

మొదటి పేజీలో రాయాల్సింది ఖర్చు కాదు

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక నోట్‌బుక్ తీసుకుని మొదటి పేజీలో మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ఇప్పుడు చేతిలో, బ్యాంకులో ఉన్న డబ్బు. రెండో గడిలో పెళ్లి తేదీలోపు కచ్చితంగా వచ్చేది, అంటే ఎత్తాల్సిన చిట్టీ, మెచ్యూర్ అయ్యే డిపాజిట్ లాంటివి. మూడో గడిలో అప్పు. మూడో గడి నింపే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ అప్పు ఎవరి పేరు మీద తీసుకుంటారు, ఏ జీతంలోంచి తీరుస్తారు?

'మామయ్య ఇస్తానన్నాడు', 'సౌదీలో ఉన్న అన్న పంపుతాడు' లాంటివి రెండో గడిలో రాయొద్దు. చేతికి వచ్చాకే రాయాలి. మాట సాయం మంచిదే కానీ, మాట మీద హాల్ బుక్ చేస్తే ఇబ్బంది పడేది పెళ్లివారే.

ఈ మాటలు మాట్లాడుకోవడానికి చాలా జంటలు మొహమాటపడతాయి. నిశ్చితార్థం అయ్యాక ఫోన్‌లో గంటల కొద్దీ మాట్లాడుకునే వాళ్లు కూడా 'మీ ఇంట్లో అప్పులున్నాయా?' అని మాత్రం అడగరు. కానీ నికాహ్‌నామా మీదో, రిజిస్టర్ మీదో సంతకం పెట్టేది ఆ ఇద్దరే కదా. జీతం ఎంత, ఇంట్లో ఎవరికి ఎంత ఇవ్వాలి, ఇప్పటికే ఉన్న ఈఎంఐలు ఏంటి, పెళ్లి కోసం ఇంట్లోవాళ్లు ఏం తాకట్టు పెట్టబోతున్నారు.. ఈ నాలుగూ తెలియాలి. పెద్దల ముందు కుదరకపోతే ముందు ఇద్దరూ మాట్లాడుకుని, తర్వాత ఎవరి ఇంట్లో వాళ్లు చెప్పడం మేలు. అబ్బాయి వాళ్ల అమ్మానాన్నలకు అబ్బాయే చెప్పాలి. 'అమ్మీ, దావత్ చిన్నగ చేద్దాం' అన్న మాట కొడుకు నోటి నుంచి వస్తే ఇంట్లో చర్చ అవుతుంది. అదే మాట కోడలు కాబోయే అమ్మాయి అంటే గొడవ అవుతుంది!

ఉదాహరణకు ఒక లెక్క

ఒక జంటను ఊహించుకుందాం. అబ్బాయి మొబైల్ షాపులో పని చేస్తాడు, నెలకు 22 వేలు. అమ్మాయి ప్రైవేటు స్కూల్లో టీచర్, 15 వేలు. అబ్బాయి ఇంట్లో దాచింది 2 లక్షల 20 వేలు, అమ్మాయి ఇంట్లో 1 లక్షా 80 వేలు. చిట్టీ ఎత్తితే వచ్చేది ఇంకో లక్ష. మొత్తం 5 లక్షలు. రెండు ఇళ్లూ కలిసి ఒకే లెక్క వేసుకున్నాయి. 50 వేలు అత్యవసరానికి పక్కన పెట్టి, మిగిలిన నాలుగున్నర లక్షల్లో పెళ్లి కానివ్వాలన్నది వాళ్ల నిర్ణయం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవే తప్ప మార్కెట్ రేట్లు కావు. ఎవరి రేట్లు వాళ్లు కనుక్కుని వేసుకోవాలి.

* మెహర్: రూ.50,000
* బంగారం, బట్టలు: రూ.90,000
* నికాహ్ భోజనాలు, 250 మందికి ప్లేటు రూ.500 చొప్పున: రూ.1,25,000
* హాల్: రూ.50,000
* వలీమా, 150 మందికి ప్లేటు రూ.400 చొప్పున: రూ.60,000
* ఇంటి దగ్గరే మంజే, మెహందీ: రూ.20,000
* ఫొటో, వీడియో: రూ.25,000
* కార్డులు, బండ్లు, చిల్లర ఖర్చులు: రూ.30,000
* మొత్తం: రూ.4,50,000
* అత్యవసర నిధి: రూ.50,000

ఇప్పుడు అసలు కిటుకు చూడండి. 'గల్లీ వాళ్లందరినీ పిలవకపోతే ఎట్లా?' అని ఎవరో అన్నారు. నికాహ్‌కు ఇంకో వంద మంది చేరారు. వంద ప్లేట్లు, ప్లేటుకు రూ.500. అక్షరాలా 50 వేలు. అంటే కొత్త కాపురానికి అత్యవసరంగా దాచిన డబ్బు మొత్తం ఒక్క పూట భోజనంలో పోయినట్టే. స్టేజ్ మీద పూలు తగ్గిస్తే ఐదు వేలు, కార్డు సాదాగా వేస్తే మూడు వేలు మిగులుతాయి. కానీ పెళ్లి బడ్జెట్‌ను నిజంగా నిలబెట్టేదీ, కూల్చేదీ అతిథుల జాబితానే.

జాబితా ఇలా తయారు చేయండి

రెండు ఇళ్లకూ ముందే కోటా పెట్టుకోండి. పై ఉదాహరణలో నికాహ్‌కు 250 అయితే అటు 125, ఇటు 125. ఆ లోపల ఎవరిని పిలవాలో ఆ ఇంటి ఇష్టం. ఒక పేరు కొత్తగా చేరితే ఒక పేరు తీయాలి. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే సగం తగాదాలు తగ్గుతాయి.

కార్డు ఇచ్చేటప్పుడు 'ఫ్యామిలీతో రండి' అన్నది ఒక్క మాటే. కానీ ఆ మాటకు అర్థం ఇద్దరా, ఎనిమిది మందా? అందుకే జాబితాలో ఇళ్ల పేర్లు కాదు, మనుషుల లెక్క రాయాలి. ప్రతి పేరు పక్కన ఒక అంకె ఉండాలి. మంజే, మెహందీకి దగ్గరి వాళ్లు, నికాహ్‌కు అందరూ అని విడివిడిగా రాసుకుంటే ఏ తంతుకు ఎంత వంట కావాలో ముందే తెలుస్తుంది.

తంతులు తగ్గించడం ఇంకో దారి. మంజే, మెహందీ కలిపి ఒకే రోజు ఇంటి మీదే చేసుకునే వాళ్లున్నారు. మసీదులో నికాహ్ చదివించి, రాత్రి హాల్ లేకుండా మధ్యాహ్నం ఇంటి దగ్గరే భోజనం పెట్టే వాళ్లూ ఉన్నారు. వలీమా అబ్బాయి తరఫు విందు. నికాహ్ రోజు అమ్మాయి వాళ్లు భారీగా దావత్ ఇవ్వాలన్నది ఆనవాయితీయే కానీ మతం పెట్టిన నియమం కాదని పాతబస్తీలో ఉలేమాలు ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నారు. లుఖ్మీ, మరగ్, రెండు రకాల బిర్యానీ, కబాబులు, ఖుబానీ కా మీఠా, డబుల్ కా మీఠా.. ఇన్ని లేకుండా ఒక్క బిర్యానీ, ఒక్క మీఠాతో దావత్ ముగించాలన్న పిలుపు కూడా కొత్తదేం కాదు. అలా చేసిన ఇల్లు ఒకటి కనిపిస్తే, గల్లీలో రెండో ఇంటికి ధైర్యం వస్తుంది.

జోడే కీ రకమ్.. లాంఛనాలు: పేరు మారినా నేరమే

పెళ్లి లెక్కలో ఎవరూ కాగితం మీద రాయని గడి ఒకటుంది. పాతబస్తీలో దాని పేరు 'జోడే కీ రకమ్', తెలుగు ఇళ్లలో కట్నం, లాంఛనాలు. దానికి తోడు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచం, బీరువా, బండి అంటూ జహేజ్ జాబితా. అమ్మాయి వాళ్లు తాహతుకు మించి అప్పు చేసేది ఎక్కువగా ఈ గడి కోసమే.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. కనీసం ఐదేళ్ల జైలు, కనీసం రూ.15,000 లేదా కట్నం విలువ.. ఏది ఎక్కువైతే అంత జరిమానా. కట్నం కావాలని అడిగినందుకే ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు శిక్ష పడొచ్చు. ఆ చట్టం కింద మెహర్ మాత్రం కట్నం కాదు. అది అబ్బాయి అమ్మాయికి ఇచ్చే సొమ్ము, ఆమె హక్కు.

ఇక్కడ జంట చేయగలిగిన పని ఒకటుంది. చాలా చోట్ల మెహర్ 'తర్వాత ఇస్తాం' అన్న మాటతో కాగితం మీదే మిగిలిపోతుంది. అదే అబ్బాయి మెహర్‌ను బడ్జెట్‌లో మొదటి గడిగా రాసుకుంటే, దావత్ ఖర్చు దానంతట అదే తగ్గుతుంది. పై ఉదాహరణలో మెహర్ మొదట ఉన్నది అందుకే. ఆ 50 వేలు అతిథుల ప్లేట్లలోకి కాకుండా అమ్మాయి చేతికి చేరతాయి.

ఎవరూ అడగకుండా ప్రేమతో ఇచ్చే బహుమతులకూ ఒక పద్ధతి ఉంది. 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం వధువుకు, వరుడికి వచ్చిన బహుమతుల జాబితా విడివిడిగా రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చిన వారి పేరు, వాళ్లకూ మనకూ ఉన్న చుట్టరికం ఉండాలి. ఇద్దరూ సంతకం చేయాలి. పది నిమిషాల పని ఇది. రేపు ఏదైనా మాట వస్తే ఈ కాగితమే సాక్ష్యం.

హాల్ వాళ్లను ఈ ప్రశ్నలు అడిగారా?

'మొత్తం ఎంతైతది అన్నా?' అని అడిగితే హాల్ మేనేజర్ ఒక అంకె చెబుతాడు. అది అద్దె మాత్రమే. ఫంక్షన్ అయిపోయాక వచ్చే బిల్లు వేరేగా ఉంటుంది. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే ఇవి అడగాలి.

* కరెంటు మీటర్ ప్రకారమా, అద్దెలోనే కలిపారా? జనరేటర్ డీజిల్ ఖర్చు ఎవరిది?
* క్లీనింగ్, పార్కింగ్, నీళ్ల ట్యాంకర్‌కు విడిగా తీసుకుంటారా?
* డెకరేషన్, క్యాటరింగ్ హాల్ వాళ్లతోనే చేయించుకోవాలా, బయటి వాళ్లను తెచ్చుకోవచ్చా?
* జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా?
* టైమ్ దాటితే గంటకు ఎంత?
* తేదీ మారినా, పెళ్లి ఆగినా అడ్వాన్స్‌లో ఎంత వెనక్కి వస్తుంది?

జవాబులన్నీ రసీదు వెనక రాయించుకుని సంతకం పెట్టించుకోండి. నోటి మాట దావత్ రాత్రి ఎవరికీ గుర్తుండదు. పెళ్లి ఖర్చు కదా అని అంతా నగదులో ఇచ్చేయడం కూడా సరికాదు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒకే కార్యక్రమానికి సంబంధించి ఒకరి దగ్గర నుంచి రూ.2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోకూడదు. తీసుకున్న వారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. యూపీఐ, బ్యాంకు ద్వారా ఇస్తే ఎంత ఇచ్చామన్న రుజువూ ఉంటుంది.

ఆలస్యానికీ ధర ఉంటుంది. పాతబస్తీ దావత్‌లు అర్ధరాత్రి దాకా సాగడం అందరికీ తెలిసిందే. కానీ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. డీజేకు డబ్బు కట్టి, పదింటికే ఆపించుకోవడం కంటే ముందే పెళ్లి టైమ్ తగ్గించుకుంటే ఓవర్‌టైమ్ ఖర్చూ తప్పుతుంది.

తేదీ ఎంపికలోనూ డబ్బు ఉంది. అందరూ కోరుకునే ముహూర్తాలకు, ఆదివారాలకు గిరాకీ ఎక్కువ. వారం మధ్యలో, మధ్యాహ్నం పూట అయితే బేరమాడే వీలుంటుంది.

లాడ్ బజార్‌కు జాబితాతోనే వెళ్లండి

బహదూర్‌పురా వాళ్లకు ఒక అదృష్టం ఉంది. పెళ్లి షాపింగ్ కోసం ఊరు దాటాల్సిన పని లేదు. గాజులకు చార్మినార్ పక్కన లాడ్ బజార్, బట్టలకు పత్తర్‌గట్టి, మదీనా, గిన్నెలకు మూసీ దాటితే బేగంబజార్. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు ట్యాగ్ కూడా వచ్చింది. కానీ దగ్గరగా ఉండటమే ఒక్కోసారి ఇబ్బంది. 'ఒక్కసారి చూసొద్దాం' అంటూ పదిసార్లు వెళ్తారు. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి కొంటారు. అందుకే ఒకే జాబితా, రెండు మూడు సార్లకు మించి వెళ్లకపోవడం మంచి పద్ధతి. ఖడా దుపట్టా లాంటి భారీ పెళ్లి దుస్తులు మళ్లీ వేసుకునేది చాలా తక్కువ. అద్దెకు దొరికితే తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

బంగారం విషయంలో మాత్రం తొందర పనికిరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై ఆరు అక్షరాలు, అంకెలతో కూడిన హెచ్‌యూఐడీ తప్పనిసరి. 22 క్యారెట్ నగ అయితే 22కే916 అన్న గుర్తు ఉంటుంది. ఆ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే నగ వివరాలు వస్తాయి. బిల్లులో గ్రాముల బరువు, ఆ రోజు రేటు, మేకింగ్ చార్జీలు, 3 శాతం జీఎస్టీ విడివిడిగా ఉండాలి. రాళ్ల బరువును బంగారం బరువులో కలిపారేమో చూసుకోండి. రెండు షాపుల్లో గ్రాము రేటు ఒక్కటే అయినా తేడా వచ్చేది మేకింగ్ చార్జీల దగ్గరే. బేరం అక్కడే ఆడాలి.

షాదీ ముబారక్, కల్యాణ లక్ష్మి: లెక్కలో ఎక్కడ రాయాలి?

తెలంగాణ సర్కారు 2014 అక్టోబర్ 2న మైనారిటీ అమ్మాయిల కోసం షాదీ ముబారక్, ఎస్సీ, ఎస్టీల కోసం కల్యాణ లక్ష్మి పథకాలు మొదలుపెట్టింది. అప్పట్లో సాయం రూ.51,000. తర్వాత బీసీలు, ఇతర పేద కుటుంబాలకూ కల్యాణ లక్ష్మిని వర్తింపజేశారు. 2017లో సాయం రూ.75,116కు, 2018లో రూ.1,00,116కు పెరిగింది.

అమ్మాయికి 18 ఏళ్లు, అబ్బాయికి 21 ఏళ్లు నిండి ఉండాలి. అమ్మాయి కుటుంబం తెలంగాణకు చెందినదై ఉండాలి. హైదరాబాద్ లాంటి పట్టణ ప్రాంతంలో తల్లిదండ్రుల ఏడాది ఆదాయం రూ.2 లక్షలు మించకూడదు. దరఖాస్తు తెలంగాణ ఈ-పాస్ వెబ్‌సైట్‌లో చేయాలి. ఆధార్ కార్డులు, వయసు, ఆదాయ ధ్రువపత్రాలు, పెళ్లి కార్డు, బ్యాంకు పాస్‌బుక్ సిద్ధంగా పెట్టుకోవాలి. తహసీల్దార్ కార్యాలయంలో పరిశీలన అయ్యాక మంజూరవుతుంది. చెక్కు అమ్మాయి తల్లి పేరు మీద వస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. చాలామందికి ఈ డబ్బు పెళ్లయ్యాకే చేతికి అందుతుంది. కాబట్టి దీన్ని చూపించి హాల్ బుక్ చేయడం, 'చెక్కు రాగానే ఇస్తాం' అని వడ్డీకి తేవడం ప్రమాదం. 2023 ఎన్నికల సమయంలో లక్ష రూపాయలతో పాటు తులం బంగారం ఇస్తామని కాంగ్రెస్ హామీ ఇచ్చింది. హామీ ఎవరిదైనా, సాయం ఎంతైనా పద్ధతి ఒక్కటే. చేతిలో పడేదాకా లెక్కలో రాయొద్దు. పడ్డాక ముందు పెళ్లి అప్పు తీర్చాలి. 'పని చేయించి పెడతా' అంటూ కమీషన్ అడిగే దళారులకు అందులోంచి వాటా ఇవ్వాల్సిన అవసరం ఎంత మాత్రం లేదు.

మూడు రూపాయల వడ్డీ అంటే ఎంత?

అప్పు తప్పదనుకుంటే, కనీసం ఆ అప్పు ఖరీదు తెలుసుకుని చేయాలి. గల్లీలో 'నూటికి మూడు రూపాయలు' అంటే చిన్నగా వినిపిస్తుంది. అది నెలకు. అంటే ఏడాదికి 36 శాతం.

రూ.3 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు వడ్డీ రూ.9,000. మూడేళ్లు క్రమం తప్పకుండా కడితే మొత్తం రూ.3,24,000. తెచ్చిన దాని కంటే ఎక్కువ కట్టేశారు. కానీ అసలు రూ.3 లక్షలు అలాగే ఉంది!

అదే రూ.3 లక్షలు ఏడాదికి 14 శాతం వడ్డీతో మూడేళ్ల లోన్‌గా తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.10,250. నెలకు కేవలం రూ.1,250 ఎక్కువ. మూడేళ్లకు వడ్డీ దాదాపు 69 వేలు. అప్పు పూర్తిగా తీరిపోతుంది. వడ్డీ రేట్లు బ్యాంకును బట్టి, జీతాన్ని బట్టి మారతాయి కానీ తేడా ఎంత పెద్దదో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

అయితే ఇది కూడా తేలిక కాదు. పై ఉదాహరణలోని జంటకు ఇద్దరి జీతం కలిపి రూ.37,000. అందులో రూ.10,250 అంటే నాలుగో వంతు కంటే ఎక్కువే. దాని తర్వాతే ఇంటి అద్దె, కిరాణా, అమ్మానాన్నల మందులు. ఇద్దరిలో ఒకరి పని ఆగితే? మొదటి కాన్పు వస్తే? అప్పు చేసే ముందు అడగాల్సిన ప్రశ్న 'ఎవరు ఇస్తారు' అన్నది కాదు. 'ఒకే జీతం మీద తీర్చగలమా' అన్నది.

ఇంట్లో నగలుంటే బ్యాంకులో గోల్డ్ లోన్ వడ్డీ వ్యాపారి కంటే తక్కువకు వస్తుంది. కానీ గడువు దాటితే నగ వేలానికి వెళ్తుందన్నది గుర్తుండాలి. ఆరు నెలలు, ఏడాది టైమ్ ఉంటే చిట్టీ వేసుకోవచ్చు. అది కూడా రిజిస్టర్ అయిన సంస్థలోనే. ఇంటి కాగితాలు మాత్రం ఒక్క రాత్రి దావత్ కోసం ఎవరి చేతిలోనూ పెట్టొద్దు.

పెళ్లి పనులు మొదలయ్యాక.. డబ్బు ఎవరి చేతిలో?

బడ్జెట్ వేయడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టడం ఇంకో ఎత్తు. పెళ్లి ఇంట్లో బాబాయ్ ఒకరికి అడ్వాన్స్ ఇస్తాడు, అన్నయ్య ఇంకొకరికి ఇస్తాడు, అమ్మ పూల వాడికి ఇస్తుంది. చివరికి ఎవరికి ఎంత ఇచ్చారో ఎవరికీ తెలియదు. రెండుసార్లు ఇచ్చిన సందర్భాలూ ఉంటాయి.

దీనికి మందు సులువే. పెళ్లి డబ్బు ఒకే ఖాతాలో వేయాలి. ప్రతి ఇంటి నుంచి ఒక్కరే చెల్లింపులు చేయాలి. నోట్‌బుక్‌లో ఐదు గళ్లు ఉండాలి. ఎవరికి, ఒప్పుకున్న మొత్తం, ఇచ్చిన అడ్వాన్స్, మిగిలిన బాకీ, ఎప్పుడు ఇవ్వాలి. వారానికి ఒకసారి, శుక్రవారమో ఆదివారమో, జంట ఇద్దరూ అరగంట ఫోన్‌లో ఆ పేజీ చూసుకోవాలి. ఒక గడిలో ఖర్చు పెరిగితే, అదే రోజు ఇంకో గడిలో తగ్గించాలి. 'తర్వాత చూద్దాం' అనుకున్న ఖర్చే అప్పుగా మారుతుంది.

పెళ్లి రోజు ఇవ్వాల్సిన బాకీలను ముందే లెక్కపెట్టి, ఒక్కో కవర్ మీద పేరు రాసి నమ్మకమైన ఒకరి చేతిలో పెట్టాలి. బావర్చీ, మర్ఫా, డ్రైవర్లు, టెంట్ హౌస్.. ఎవరి కవర్ వాళ్లది. పెళ్లికొడుకు స్టేజ్ మీద కూర్చుని జేబులో డబ్బు వెతుక్కునే పరిస్థితి రాకూడదు. వంటకు ఎంత మటన్, ఎంత బియ్యం దిగిందో చూసుకోవడానికి ఒకరిని వంట దగ్గర నిలబెట్టండి. మిగిలిన భోజనం పారేయకుండా ఎవరికి పంపాలో కూడా ముందే అనుకుంటే మంచిది.

వలీమా అయిపోయిన మర్నాడు

అతిథులు వెళ్లిపోయాక జంట చేయాల్సిన పనులు మూడున్నాయి. మొదటిది, వచ్చిన చదివింపుల లెక్క రాసుకోవడం. పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చే బహుమతులపై ఆదాయపు పన్ను లేదు. కానీ ఆ డబ్బు ముందు ఎక్కువ వడ్డీ అప్పుకే వెళ్లాలి. రెండోది, పెళ్లి రిజిస్ట్రేషన్. తెలంగాణలో పెళ్లి నమోదు తప్పనిసరి. ముస్లింలకు ఖాజీ రాసే సియాహా ఆధారంగా వక్ఫ్ బోర్డు నుంచి మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకునే వీలుంది. పాస్‌పోర్ట్, వీసా, షాదీ ముబారక్ లాంటి పనులకు ఈ కాగితాలే అవసరం పడతాయి. మూడోది, అదే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తెరిచి మొదటి నెల ఇంటి ఖర్చు రాసుకోవడం.

ఆ పేజీలో మొదటి వరుస 'వడ్డీ' అని మొదలవుతుందా, 'అద్దె, బియ్యం' అని మొదలవుతుందా అన్నది హాల్‌కు అడ్వాన్స్ ఇచ్చిన రోజే తేలిపోతుంది. 'జనం ఏమంటరు?' అన్న భయం పెళ్లి ఇంట్లో అందరికీ ఉంటుంది. బిర్యానీ తిన్న జనం నెల తిరిగేసరికి ఇంకో దావత్‌లో ఉంటారు. ప్రతి నెలా ఐదో తారీఖున వడ్డీ కోసం తలుపు తట్టే మనిషి మాత్రం ఈ ఇంటి అడ్రస్ మర్చిపోడు.